డొల్ల వరస

ఇరవయ్యారేళ్ళకే అతని ఎడమ మోకాలు పీకడం మొదలైంది. పని టైల్స్ పరవడం, రోజంతా మోకాళ్ళ మీదే. "నాకు రావాల్సిన నొప్పి నీకొచ్చిందేంట్రా?" అని నవ్వింది అమ్మ. డాక్టరు నవ్వలేదు. "ఆ పని మానెయ్" అన్నాడు. మానేస్తే తినేదేమిటి, మందు బిళ్ళలా? మేస్త్రీకి చెప్పకుండా, బరువంతా కుడికాలి మీద మోపి నెట్టుకొచ్చాడు.

ఓ ఇంట్లో గది నేల పూర్తయ్యాక మేస్త్రీ కర్రతో ఒక్కో టైలునీ తట్టి చూశాడు. ఎడమవైపు వరసంతా డొల్లగా మోగింది. అటు ఒరిగి గట్టిగా నొక్కలేదని నేలే చాడీ చెప్పింది.

"ఎడమ మోకాలా?"

అతను మోకాలి మీది చేతిని వెనక్కి తీసుకున్నాడు.

"ఇవన్నీ పీకి మళ్ళీ వెయ్. రేపట్నుంచి మానెయ్" అన్నాడు మేస్త్రీ.

అతను ఎడమ మోకాలు నేలకానించి, మొదటి టైలు కింద ఉలి దూర్చాడు.