సెలీనక్క గుమ్మం

నేల వణికితే ఇల్లు వదిలి బయటికి పరుగెత్తాలని బడిపిల్లలకు కూడా తెలుసు. మా పక్కింటి సెలీనక్క మాత్రం వచ్చి గుమ్మంలో నిలబడేది. ఆ గుమ్మం మీది రాయి నెర్రె ఇచ్చి పదేళ్ళయింది. తుమ్మితే ఊడే ముక్కు. చెప్పీ చెప్పీ నా నోరు పోయింది.

కోలారు గనుల్లో నాది నేల అదురు నమోదు చేసే గదిలో ఉద్యోగం. లోపల బండ పగిలినప్పుడల్లా కాగితం మీద ముల్లు ఎగిరేది. గనిలోకి దిగే ఏ షాఫ్టు దగ్గరో లెక్కగట్టి ఫోను చేసేవాణ్ణి. ఒకసారి ఎక్కడినుంచో వచ్చిన శాస్త్రవేత్త నిప్పుకొండల సంగతి చెప్పాడు. కరిగిన రాయి లోపల కదులుతుంటే అక్కడి నేల గంటలతరబడి, ఒక్కోసారి రోజులతరబడి సన్నగా వణుకుతుందట. వణికిన ప్రతిసారీ కొండ పేలదు గానీ, ఊళ్ళు ఖాళీ చేయించడానికి కాస్త వ్యవధి దొరుకుతుందట. వింటుంటే నాకు కడుపు మండింది. మా దగ్గర పగలడమూ వణకడమూ ఒకేసారి. ముల్లు ఎగిరేసరికే మనుషులు పోయి ఉండేవారు.

అందుకే ఇక్కడి ఆడవాళ్ళకు ఆ అలవాటు. నేల అదిరితే గుమ్మంలో నిలబడి వీధి చూసేవారు. భర్త కనిపిస్తే ఎదురుపోయి అన్నం క్యారియర్ అందుకునేవారు. అతను రాకపోతే, లోపల అతనితో పనిచేసే జతగాడు ఆ క్యారియర్ తెచ్చి భార్య చేతిలో పెట్టేవాడు. మనిషి పోయాడని మాటల్లో చెప్పక్కర్లేదు. సెలీనక్క భర్త ఆంథోనీ ఇరవై ఆరేళ్ళు లోపల పనిచేసి, ప్రతిసారీ తన క్యారియర్ తానే తెచ్చుకున్నాడు.

గనులు మూశారు. సొరంగాల్లో నీళ్ళు నిండాయి. అయినా అప్పుడప్పుడు నేల అదురుతూనే ఉండేది. లోపల పురుగు లేదు, ఆంథోనీ ఇంట్లోనే మంచం మీద దగ్గుతున్నాడు, ఈమె మాత్రం గుమ్మంలో.

"అక్కా, ఆయన ఇంట్లోనే ఉండాడు గదా. బయటికి రా."

"నాకు తెలీదా అప్పా? కాళ్ళకు తెలీదు."

చివరికి ఆంథోనీయే ఉపాయం కనిపెట్టాడు. నేల అదరగానే పెరటి దారిన పోయి, వీధి చివరి నుంచి క్యారియర్ ఊపుకుంటూ వచ్చేవాడు. ఆమె ఎదురుపోయేది.

"డ్యూటీ అయిపోయె," అనేవాడు.

"చాల్లే నీ నాటకం," అంటూనే అందుకునేది. వీధంతా నవ్వేది.

తర్వాత ఆంథోనీ పోయాడు. ఊపిరితిత్తుల నిండా రాతిపొడి. సెలీనక్క సమాధి దగ్గర కూడా ఏడవలేదు. వచ్చినవాళ్ళకు కాఫీ ఇస్తూ తిరిగింది. అది చూసి నాకు భయమేసింది.

నెల తిరక్కముందే ఒక మధ్యాహ్నం నేల అదిరింది. చూస్తే ఆమె గుమ్మంలో ఉంది. పైరాయి సందులోంచి తలమీద మట్టి రాలుతోంది. పిలిచినా వీధి చివరి నుంచి చూపు తిప్పలేదు. వాళ్ళ పెరట్లోంచి దూరి, వంటింట్లో ఉన్న క్యారియర్ తీసుకుని, చుట్టూ తిరిగి వీధి చివరి నుంచి నడిచి వచ్చాను. చాలా తెలివైన పని చేశాననుకున్నాను.

ఆమె నన్ను చూసింది. చేతిలో క్యారియర్ చూసింది. ఒక్కో అడుగే వేస్తూ వీధిలోకి వచ్చింది. నేను సంతోషించాను కూడా, నా బుద్ధి తగలెయ్య.

"నువ్వు తెచ్చినావా జయరామప్పా," అంది. "అయితే ఆయన రాడు."

నేనేం చేశానో అప్పుడు తెలిసింది. భూమిలోకి ఎన్నడూ దిగనివాణ్ణి, కాగితాల మనిషిని, ఇన్నేళ్ళుగా ఆమె భయపడిన కబురు నేనే తెచ్చి చేతిలో పెట్టాను. ఆమె వీధి మధ్యలో కూలబడి, క్యారియర్ ఒళ్ళో పెట్టుకుని చీకటి పడేదాకా ఏడ్చింది.

ఆ రాయి ఇప్పటికీ పడలేదు. నేల ఇప్పటికీ అదురుతుంది. సెలీనక్క మాత్రం గుమ్మంలోకి రాదు, లోపలే కూర్చుంటుంది. బయటికి రమ్మని చెయ్యి పట్టుకుంటే, "ఇంగ ఎవురి కోసం రావల్ల అప్పా?" అంటుంది.