చంద్రమోహన్ సార్‌కు ఒక డౌటు

చంద్రమోహన్ సార్‌కు ఏదీ అర్థం కాదు. ఇది నా ఒక్కదాని అభిప్రాయం కాదు, జనగామలో మా బీఎడ్ కాలేజీ మొత్తం ఒప్పుకున్న సత్యం. మేం బళ్లకు పోయి పాఠం చెప్పాలి, ఆయన వెనక కూర్చుని మార్కులు వేయాలి. మిగతా సార్లు కుర్చీ వేయించుకుని, చాయ్ తాగి, ఒక కునుకు తీసి మంచి మార్కులు వేసేవాళ్లు. దేవుళ్లు! ఈయన మాత్రం ఆరడుగుల మనిషి, కుర్చీ వద్దని పిల్లల బెంచీలో మోకాళ్లు గడ్డానికి తగిలేలా ఇరుక్కుని కూర్చునేవారు. పాఠం మంచి ఊపులో ఉండగా చెయ్యెత్తేవారు.

"టీచర్, ఒక డౌటు!"

మా బ్యాచ్ వివేక్ గ్లోబు తిప్పుతూ భూభ్రమణం చెప్తున్నాడు. లేచింది చెయ్యి. "భూమి గింత జోరుగ తిరుగుతున్నదంటిరి. మరి మనకు కండ్లు తిరుగుతలేవేంది టీచర్?" వివేక్‌కు అప్పుడే తిరిగాయి. "అది సిలబస్‌ల లేదు సార్," అన్నాడు.

నా వంతూ వచ్చింది. ఎక్స్ విలువ కనుక్కోవడం చెప్తున్నాను. "నిన్న ఎక్స్ అంటే ఐదు అన్నరు. ఇయ్యాల ఏడంటున్నరు. గా ఎక్స్‌కు ఒక్క మాట మీద నిలబడే అలవాటే లేదా టీచర్?" క్లాసంతా ఒకటే నవ్వు. నా లెసన్ ప్లాన్‌లో రంగురంగుల చార్టులకు చోటుంది కానీ ఈ ప్రశ్నకు లేదు.

ఎమ్మెస్సీ లెక్కల్లో గోల్డ్ మెడల్ అని కాలేజీ ఆఫీసులో ఆయన ఫొటో ఒకటి వేలాడుతుంది. ఫొటో తారుమారైందని మా అనుమానం. పైగా ఈయనగారు పీహెచ్‌డీ కూడా చేస్తున్నారండోయ్! 'పిల్లలు బడిలో ప్రశ్నలెందుకు అడగరు' అన్నది అంశం. గైడ్ రిటైరైపోయాడు కానీ పరిశోధన తెమల్లేదు. "ఈయన సందు ఇస్తే గద పిల్లలు అడిగేది!" అనేది మా బ్యాచ్ గ్రేస్.

ఇంతలో ఫైనల్ లెసన్ వచ్చింది. అది తప్పితే బీఎడ్ లేదు, బీఎడ్ లేకపోతే ఆ ఏటి డీఎస్సీ లేదు. జఫర్‌గఢ్‌లో మా బాపు పాపయ్య అప్పటికే ఊరంతా చాటేశాడు. "మా సౌందర్య టీచరమ్మ అయింది!"

"ఇంకా కాలేదు బాపు, జర ఆగరాదు."

"గింత దాక అచ్చినంక ఏమైతది బిడ్డా?"

ఏమవుతుందో నాకు తెలుసు. ఆరడుగుల ఎత్తుంటుంది. అందుకే మేమంతా కలిసి ప్రిన్సిపాల్ దగ్గర మొరపెట్టుకున్నాం. ఆయన సార్‌ను పిలిచి, "ఎగ్జామినర్ ముందట మీరు నోరు తెరువద్దు," అన్నారు.

"సరే సార్. కాని ఒక డౌటు..."

"గదే వద్దంటున్న!"

పాలకుర్తి పక్క ఊళ్లో నేను ఎప్పుడూ పాఠం చెప్పే బడే, ఏడో తరగతి, భిన్నాల భాగహారం. మహబూబాబాద్ నుంచి వచ్చిన ఎగ్జామినర్‌కు జనగామలో తిరుగు రైలు అందుకోవాలని తొందర. వాచీ చూస్తూ కూర్చున్నాడు. నేను చార్టు తగిలించి గడగడా చెప్పేశాను. "అరను పావుతో భాగిస్తే రెండు. రెండో భిన్నాన్ని తిరగేసి గుణించాలి. అర్థమైందా?"

"అయిందీ టీచర్!" అని క్లాసంతా రాగం తీసింది. ఈ రాగం మన పిల్లలకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఎగ్జామినర్ తృప్తిగా పెన్ను మూత తీశాడు.

అప్పుడు చూశాను చివరి బెంచీని. సార్ పక్కన అక్షిత ఉంది. ఇన్నాళ్లలో ఆ పిల్ల గొంతు నేను వినలేదు. ఇప్పుడు ఏదో గొణుగుతోంది, సార్ చెవి అటు వంచి వింటున్నారు. ఎగ్జామినర్ వైపు చూశారు, నా వైపు చూశారు. చెయ్యి లేచింది, దిగింది, మళ్లీ లేచింది.

"టీచర్, ఒక డౌటు. పంచితే తగ్గాలె గద? అరను పావుతోటి పంచితే రెండెట్లైతది? పెరిగిందేంది?"

అయిపోయింది నా డీఎస్సీ!

"ఏందండీ, కాలేజీల చెప్పెటోళ్లు, ఏడో తరగతి లెక్క రాదా? జర సిగ్గుండాలె!" అన్నాడు ఎగ్జామినర్. పిల్లలు కిసుక్కుమన్నారు.

"రాదు సార్. చిన్నప్పటి సంది లెక్కలల్ల వీకే," అన్నారు గోల్డ్ మెడల్ సార్, చేతులు కట్టుకుని.

పక్కన అక్షిత బెంచీలోకి కుంచించుకుపోయింది. ఆ తిట్టు ఎవరికి పడాల్సిందో నాకప్పుడు వెలిగింది. సార్ పక్కన ప్రతిసారీ నోరు విప్పని పిల్లే ఎవరో ఒకరు కూర్చునేవాళ్లు. నేను చార్టులు చూసుకున్నానే కానీ పిల్లల్ని చూసిందెప్పుడు? నాకు సిగ్గేసింది. ఆ పొడుగు మనిషి మీద బోలెడంత ప్రేమా పుట్టింది.

లెసన్ ప్లాన్ పక్కన పడేసి, బోర్డు మీద సగం జొన్నరొట్టె గీశాను. "గిండ్ల పావు రొట్టె ముక్కలు ఎన్ని అస్తయ్?"

ఎగ్జామినర్ వాచీ చూశాడు.

"రెండు!" చివరి బెంచీలో అక్షిత లేచి నిలబడింది. "రెండస్తయ్ టీచర్! ఇది పంచుడు గాదు, ఎన్ని ముక్కలో లెక్కవెట్టుడే గద!" వెంటనే సార్ వైపు తిరిగి అరచేతి మీద గీతలు గీసి చూపించింది. "గిదొకటి, గిదొకటి. సమజైందా సార్?"

"ఇంకోపారి చెప్పు బిడ్డా."

మళ్లీ చెప్పింది. ముందు బెంచీలవాళ్లు కూడా వెనక్కి తిరిగి విన్నారు. ఎగ్జామినర్ వాచీ సంగతి మరిచిపోయాడు. "నీకంటె గా పిల్లనే మంచిగ చెప్పింది," అని గొణుగుతూనే నన్ను పాస్ చేశాడు. ఆయన రైలు మాత్రం ఆయన కోసం ఆగలేదట.

బడి గేటు దగ్గర సార్‌ను పట్టుకున్నాను. "ఇన్ని దినాలు అడిగిన డౌట్లన్నీ పిల్లలయేనా సార్?"

"అన్నీ కాదు బిడ్డా. ఎక్స్‌ది మాత్రం నాదే."

ఇంతలో అక్షిత పరుగెత్తుకొచ్చింది. "టీచర్, రేపు గూడ గీ సారును తోల్కరాండ్రి. పాపం, ఏం రాదాయనకు. నా పక్కన కూసోవెట్టుకుని నేను నేర్పిస్త."

"తప్పకుంట అస్త టీచర్," అన్నారు చంద్రమోహన్ సార్. నాతో కాదు, అక్షితతో.