కొలత తీయని అంగి

పటాన్‌చెరు బస్టాండు వెనక సందులో ముత్యమ్మ మిషను పెట్టిన కాలంలో, ఊళ్లోకి కొత్త ఫ్యాషను దిగాలంటే ఆమె కత్తెర కిందనుంచే దిగాలి. శుక్రవారం సినిమా వచ్చిందంటే, వారం తిరక్కుండా అందులో హీరోయిన్ వేసుకున్న జాకెట్టు చేతులు కూరగాయల మార్కెట్లో తిరిగేవి. ముత్యమ్మ సినిమాకు వెళ్లేది కథ కోసం కాదు. హీరోయిన్ గుండెలు పగిలేలా ఏడుస్తుంటే హాలంతా ముక్కు చీదేది, ఈవిడ మాత్రం బుట్టచేతి కుచ్చు ఎక్కడ మొదలైందో చూసేది. "జెర ఇటు తిరుగు తల్లీ, వీపు కనవడ్తలేదు" అని తెరతోనే మాట్లాడేది. పక్కన కూర్చున్న మొగుడు మొగులయ్యకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

మొగులయ్యది కర్దనూరు. మందుల ఫ్యాక్టరీలో డ్రమ్ములు మోసీ మోసీ అతని కుడి భుజం ఎడమదానికంటే కిందికి దిగిపోయింది. బజారు చొక్కా ఏది తొడిగినా ఒక పక్కకు జారేది. ముత్యమ్మ కుట్టిన అంగి వేసుకుంటే మాత్రం ఆ వంకర ఎవరికీ కనపడేది కాదు, మనిషి దర్జాగా ఉండేవాడు. ఆమె ఆడవాళ్ల బట్టలే కుట్టేది. ఆమె చేతికి తెలిసిన మగ ఒళ్లు అదొక్కటే. అతనికి టేపు పెట్టడం కూడా ఎప్పుడో మానేసింది, కళ్లు మూసుకుని కత్తిరించినా సరిపోయేది.

ఎనభైల చివర్లో, మూతబడిన ఒక ఫ్యాక్టరీ షెడ్డులో సినిమా షూటింగు పెట్టారు. దానికి బట్టలు చూసే కాస్ట్యూమర్ సూర్యప్రకాశరావు కోస్తా మనిషి. సొంత అన్నకు ఇక్కడి పెద్ద ప్లాంటులో ఉద్యోగం కావడంతో ఆ ప్లాంటు కాలనీలోనే ఉండేవాడు, చిల్లర కుట్టుపనులన్నీ ముత్యమ్మకే ఇచ్చేవాడు. ఒకరోజు తెల్ల గుడ్డ తెచ్చి మిషను మీద పెట్టాడు.

"ముత్యమ్మా, శవం చొక్కా ఒకటి కావాలి. ఫ్యాక్టరీలో పేలుడు జరిగి పోయినవాడి వేషం. కొలతలు మాత్రం అడక్కు. శవం వేషానికి బతికున్న మనిషి ఒంటి మీద టేపు పెట్టకూడదు, ఆ మనిషికి అరిష్టం. మా కంపెనీలో ఎవరూ పెట్టరు. ఉజ్జాయింపుగా కత్తిరించెయ్యి, వదులైతే వెనక పిన్నులు పెట్టుకుంటాం."

"గట్లనే సారూ, అందాజగ కోస్త. గదెంత పని!" అంది ముత్యమ్మ.

నిజంగానే ఎంతో పని కాలేదు. సుద్దతో గీత కూడా గీయకుండా ఒక్క ఊపున కత్తిరించేసింది. తన చేతివాటం చూసి తనే మురిసిపోయింది కూడా. ఆ మురిపెం తలుచుకుంటే తర్వాత ఆమెకు ఒళ్లు జలదరించేది.

రెండోనాడు మధ్యాహ్నం షూటింగు చూద్దామని షెడ్డు దగ్గరికి వెళ్లింది. ఎండ నిప్పులు చెరుగుతోంది. దూరంగా గోడ పక్కన మొగులయ్య నిలబడి ఉన్నాడు. అదే నిలబడటం, అదే కుడి భుజం దిగుడు. డ్యూటీకి పోకుండా ఇక్కడేం చేస్తున్నాడని విసవిసా నడిచింది. నాలుగడుగులు దగ్గరికి వెళ్లేసరికి మెడ పైన తల లేదు. దండెం మీద ఆరేసిన చొక్కా. గాలి నిండి ఛాతీ ఉబ్బి, నెమ్మదిగా దిగుతోంది. గుండెల మీద రంగు నెత్తురు.

అందాజగా అనుకుని ఆమె చెయ్యి తనకు తెలిసిన ఒకే ఒక్క మనిషిని కత్తిరించింది. ముత్యమ్మ సూర్యప్రకాశరావును వెతికి పట్టుకుని చేతులు జోడించింది.

"సారూ, గా అంగి నాకిచ్చేయండి. ఇంకోటి కుట్టిస్త. అది మా ఇంటాయన కొల్తకు వచ్చింది."

ఆయన మొహం పాలిపోయింది. "టేపు పెట్టావా?"

"లేదు సారూ. నా చెయ్యే గట్ల పోయింది."

"పెట్టలేదుగా! అయితే ఏం కాదులే" అన్నాడు కానీ, ఆమె కళ్లలోకి చూడలేదు. "పొద్దున్నే ఆ చొక్కాతో సగం సీను తీసేశారు. ఇప్పుడు మారిస్తే తెరమీద తెలిసిపోతుంది. షూటింగు అయ్యాక కంపెనీ పెట్టెలోకి వెళ్లిపోతుంది, ఇక దాని ఊసే ఉండదు."

ఊసు ఉండకపోవడమేంటి! ఆ కంపెనీ బట్టలు అద్దెకిచ్చే కంపెనీ. మొదటి సినిమాలో అంగి పాడె మీద పడుకుంది. తర్వాతి సినిమాలో లేత నీలం రంగు వేసుకుని బావిలో తేలింది. ఇంకో దాంట్లో ఖాకీ రంగులో తుపాకీ గుండుకు కూలింది. వేసుకున్నవాళ్లు వేరు, మొహాలు వేరు. భుజం మాత్రం అదే. హాలంతా హీరోను చూస్తుంటే, ముత్యమ్మ తన మొగుడు చావడం చూసి ఇంటికొచ్చేది. ఇంట్లో అతను ఉల్లిగడ్డ కొరుక్కుంటూ అన్నం తింటూ ఉండేవాడు. కొన్నాళ్లకు సినిమాలు మానేసింది.

అతన్ని ఎలాగైనా దక్కించుకోవాలి, ఆమెకు ఇక వేరే ధ్యాస లేదు. ఆ కొలతను బట్టి చావు అతని దాకా రాకుండా, ఆ కొలతతో భూమ్మీద ఇంకో అంగి ఉండకూడదనుకుంది. అతని పాత చొక్కాలన్నీ కుట్లు విప్పి స్టీలు సామాన్లవాడికి వేసేసింది. సంగారెడ్డి అంగడికి వెళ్లి భుజాల ఆకారమే తెలియనంత వదులు రెడీమేడు చొక్కాలు కొనుక్కొచ్చింది. అందులో అతని భుజం ఎవరికీ దొరకదు కదా.

"ఏందే గిది?" అన్నాడు మొగులయ్య. "ఊరందరికి కుడ్తవు, నాకు అంగడి అంగీలా?"

"నాకు కండ్లు సక్కగ ఆన్తలేవు."

"జాకెట్లకు ఆన్తున్నయి గద!"

ఆమె తల వంచుకుని మిషను తొక్కింది. అలాంటిది నోటితో చెబితే నిజమవుతుందని భయం. ఫ్యాక్టరీ గేటు దగ్గర తోటివాళ్లు నవ్వేవాళ్లు, దర్జీదాని మొగనికి దుకాణపు అంగి అని. మొగులయ్య కొన్నాళ్లు కోపంగా ఉన్నాడు, తర్వాత కోపం కూడా పోయి ముభావంగా తయారయ్యాడు.

ఒకరోజు అతని మందుల ఫ్యాక్టరీలోనే బాయిలరు పగిలింది. సైరను విని ముత్యమ్మ కుడుతున్న జాకెట్టు అలాగే వదిలేసి పరిగెత్తింది. గేటులోంచి పొగలో మనుషులు ఒక్కొక్కరే బయటికి వస్తున్నారు. దిగిన భుజం కోసం వెతికింది. ఎక్కడా లేదు. ఇక అయిపోయిందని నేల మీద కూలబడింది. "ముత్యమ్మా, నేనే" అని ఎవరో వంగి పట్టుకున్నారు, చూస్తే మొగులయ్యే. అప్పటికే ఆ వదులు చొక్కా మనిషి ఆమె ముందునుంచి ఒకసారి వెళ్లిపోయాడు, ఆమె పోల్చుకోలేదు. తను పోల్చుకోలేదంటే చావు కూడా పోల్చుకోలేకపోయిందని ఆమె ఏడుస్తూనే సంబరపడింది. ఆ రోజు తర్వాత ఇక ఎవరు చెప్పినా అతనికి అంగి కుట్టేది కాదు.

టీవీ వచ్చి సినిమాలు ఇంట్లోకే దూరాయి. ఒక ఆదివారం పెళ్లాం వేషం కట్టినామె ఎవరో ఆ అంగి గుండెల మీద పడి జుట్టు విరబోసుకుని ఏడుస్తోంది. ముత్యమ్మ ఉరికొచ్చి టీవీ ఆపేసింది. మంచం మీద కంచం ముందు కూర్చున్న మొగులయ్య దాన్ని పక్కకు జరిపి బయటికి వెళ్లిపోయాడు.

ఏళ్లు గడిచాయి. మందుల ఘాటుకు మొగులయ్య రొమ్ము పాడై పని మానేశాడు. ఒక మధ్యాహ్నం మిషను పక్కకు వచ్చి కూర్చున్నాడు.

"ఒక్క అంగి కుట్టియ్యే. ఇగ నేను అడుగ. నీ చేతిది ఒక్కటి తొడుక్కోవాలనుంది."

ముత్యమ్మ ఇక దాచలేకపోయింది. తెల్ల గుడ్డ, దండెం, సినిమాలు, అన్నీ చెప్పేసింది. చెప్పి అతని మొహంలోకి భయంగా చూసింది. మొగులయ్య దగ్గొచ్చేదాకా నవ్వాడు. నవ్వు ఆగాక కళ్లు తుడుచుకున్నాడు.

"నీకు నా మొకం మొత్తిందనుకున్న గదనే ఇన్నేండ్లు. గీ ముచ్చట అప్పుడే చెప్తే ఏం పోయేది? లే, కొల్త తీయి."

ఆమె టేపు తీసింది. ముందుగా భుజానికి పెట్టింది. తప్పు పెట్టానేమోనని మళ్లీ పెట్టింది, అంతే వచ్చింది. ఎడమ భుజం కూడా దిగిపోయి రెండూ సమంగా ఉన్నాయి. ఛాతీ చుట్టూ తిప్పిన టేపు చాలా మిగిలిపోయింది. చెయ్యి సన్నగా, మణికట్టు ఇంకా సన్నగా ఉన్నాయి. ఆమెకు కంఠతా వచ్చిన కొలతల్లో ఒక్కటీ అతని ఒంటి మీద లేదు.

ఆ అంగిలో పట్టే మనిషి ఎప్పుడో వెళ్లిపోయాడు. ఫ్యాక్టరీ మింగలేదు, బండి గుద్దలేదు. ఆమె తెరమీది చావులకు కాపలా కాసిన ఏళ్లలోనే, ఇదే ఇంట్లో, పెళ్లాం చేతి చొక్కా ఒక్కటి కూడా లేకుండా, ఇష్టం లేనివాణ్నని అనుకుంటూ కొద్దికొద్దిగా పోయాడు. పోతుంటే ఆమె ఒక్కనాడూ చూడలేదు. ముత్యమ్మకు దుఃఖం పొంగుకొచ్చింది.

"ఏమైందే? ఎక్కువొచ్చిందా, తక్కువొచ్చిందా?"

"ఏం గాలే. సక్కగ నిలవడు" అంది.

అతను గోడ పట్టుకుని నిలబడ్డాడు. కొత్తగా వచ్చినవాళ్లకు తీసినట్టు, ఆమె మెడ దగ్గరనుంచి కొలతలు మొదలుపెట్టింది.