పొరుగు దేశాల తీర్పు, మా పేట బోరింగు

మేం పిల్లలుగా ఉన్న ఎనభైల్లో, రేపల్లె దగ్గర మా క్రైస్తవ పేటలో బుధవారం సాయంత్రమైతే ఆరుబయట చాపలు పరిచి, పెట్రోమాక్స్ లైటు వెలిగించి ప్రార్థన పెట్టేవాళ్ళు...

ఆ వేసవిలో మా ఉపదేశి అయ్యగారు బైబిల్లో ఆమోసు ప్రవక్తను ఎత్తుకున్నారు. పొరుగు దేశాల మీద దేవుడి తీర్పులు. దమస్కుకు అగ్ని, గాజాకు అగ్ని, తూరుకు అగ్ని... ఒక్కో దేశానికీ పేటంతా "ఆమెన్!" ఊరి రైతులు మమ్మల్ని మంచినీళ్ళ చెరువు మెట్టు దిగనివ్వని రోజులు మరి. మా నాయనమ్మ లెక్కలో దమస్కంటే మునసబు గారి డాబా, తూరంటే రైసుమిల్లు.

నేనైతే దమస్కు భట్టిప్రోలు అవతల ఉంటుందనుకునేవాణ్ణి. పెద్దయ్యాక బాపట్లలో పాత అట్లాసు కొని చూస్తే, ఆ దేశాలన్నీ గట్టూ గట్టూ ఆనుకున్న చేలే! ప్రవక్త చుట్టూ గట్లమ్మట తిరిగి, చివరికి నడిమి చేలోకి దిగాడన్నమాట. సరే, అసలు సంగతికొస్తా...

పొరుగు దేశాల్లో ఆఖరిది, మోయాబు కూడా అయింది. అయ్యగారు "యూదా" అన్నారు. ఊపులో ఉన్న పేట దానికీ "ఆమెన్!" అనేసింది.

ఆయన బైబిలు మూశారు. "యూదా అంటే పొరుగోళ్ళు కాదు, దేవుడి సొంత జనం. అంటే మనమేనండి. పొద్దున బోరింగు దగ్గర పోలమ్మ బిందె తన్నిందెవరండి?"

పోలమ్మది పేట వెనక యానాది గుడిసె. చంటిపిల్లకు నీళ్ళ కోసం వచ్చింది. మిషను వాళ్ళు వేయించిన బోరింగు మాది. ఆమెకు దిక్కు మురుక్కాలవ.

సంఘపెద్ద యోసేపు మావయ్య లేచాడు. "తన్నింది నేనేనండి. అయితే ఏంటి? ఊరోళ్ళ మీద తీర్పు చెప్పమంటే మమ్మల్నంటారేంటండీ? ఇయ్యాళ ఒక బిందె, రేపు గుడిసెలన్నీ వస్తాయి."

నాయనమ్మ వంతపాడింది. "మనం దేవుడి బిడ్డలం గదయ్యా, మనకి తీర్పేంటి?"

చాపల చివర పిల్లని చంకనేసుకుని నిలబడ్డ పోలమ్మ అంతా వింది. "నేను పోతాలే పెద్దయ్యా" అని వెళ్ళిపోయింది.

తెల్లారేసరికి బోరింగు చేతికి గొలుసు, తాళం. నెల తిరక్కుండా అయ్యగారికి అడవులదీవి బదిలీ. వానలు పడకముందే, కాలవ నీళ్ళకు వాంతులు పట్టుకుని పోలమ్మ పిల్ల తెనాలి ఆసుపత్రికి వెళ్ళే బస్సులోనే పోయింది... ఆ ఆదివారం గుళ్ళో మేం ఎప్పటిలాగే పాటలు పాడుకున్నాం.

ఇప్పుడు ఇంటింటికీ నీళ్ళ క్యాన్లొస్తున్నాయి. బోరింగు పీకేశారు. ఆ తియ్యటి నీళ్ళు తలుచుకుని మా వాళ్ళు ఫోనుల్లో తెగ మురిసిపోతుంటారు. మీరూ మీ బోరింగు కబుర్లు రాయండి... రాస్తే, తాళంచెవి ఎవరి దగ్గరుండేదో అదీ రాయండి.

మాదైతే, మా నాయనమ్మ కొంగుముడిలో ఉండేది.