హీటరు కోసం రాసిన అర్జీ

జనవరిలో ఒక శుక్రవారం, పొద్దున పదకొండు గంటల ఇరవై నిమిషాలకు మా గదిలో కరెంటు పోయింది. టైము చూసుకుని అన్నం పెట్టాను కాబట్టి గుర్తుంది. కుక్కర్ దీపం ఆరిపోయింది, మంచం పక్కనున్న హీటరు రాడ్డు ఎరుపు నుంచి నలుపుకు తిరిగింది. తలుపు తీస్తే విల్లా కేర్‌టేకర్ మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. మా గది స్విచ్ దించింది అతనే.

"పహలే ఫులూస్, బాద్ మే బిజ్లీ," అన్నాడు. ముందు డబ్బు, ఆ తర్వాతే కరెంటు. అరవలేదు. అతనికీ పైన ఒకడున్నాడు.

ఖతర్‌లోని అల్ రయ్యాన్‌లో అదొక పాత విల్లా. గదిగదికీ చిన్న మీటరు పెట్టి మాలాంటి వాళ్ళకు అద్దెకిచ్చేవారు. మాది మేడ మీద రేకుల గది. అందులో నేనూ, జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక మేస్త్రీ ఉండేవాళ్ళం. నాకంటే పదేళ్ళు పెద్ద. నేను అన్న అనేవాణ్ణి, ఆయన నన్ను తమ్మీ అనేవాడు. ఒకే కంపెనీ. ఆయన గోడలకు ప్లాస్టరింగ్ చేసేవాడు, నేను సైటు ఆఫీసులో హాజరు రాసేవాణ్ణి. అన్న ఇప్పుడు లేడు.

ఖతర్‌లో కరెంటు ఖర్చంతా ఎండాకాలానిదే. నవంబరులో ఏసీలు ఆపేశాక మార్చి దాకా బిల్లు పేరుకే వస్తుంది. ఆ మిగిలేది చూసుకుని మేం ముందే ఇంటికి నాలుగు డబ్బులు ఎక్కువ పంపేస్తాం. అందరూ చేసే పనే. ఆ ఏడాది మాత్రం కంపెనీ రెండు నెలలుగా జీతాలివ్వలేదు, మా గదిలో హీటరు ఆగలేదు. అన్నకు దమ్ము, అంటే ఉబ్బసం, ఉండేది. సిమెంటు దుమ్ములో పంతొమ్మిదేళ్ళు పనిచేసిన మనిషి. చల్లగాలి తగలనివ్వద్దని డాక్టరు చెప్పాక, ఊరికి వెళ్ళిపోతున్న ఒక నేపాలీ దగ్గర ఆ హీటరు కొన్నాం. రెండు రాడ్లలో ఒకటే పనిచేసేది. అది వేసిన రోజు పడుకోగలిగేవాడు. లేని రోజు గోడకానుకుని కూర్చునేవాడు.

కరెంటు పోయిన రోజు మధ్యాహ్నం నేనే అన్నాను, మన తెలుగువాళ్ళ సంఘానికి అర్జీ పెడదామని. కష్టంలో ఉన్నవాళ్ళకు వాళ్ళు బిల్లులు కడతారని విన్నాను.

"వద్దు తమ్మీ. గాళ్ళు ఫోటువలు దిగుతరు."

"వద్దని చెబుదాం అన్నా."

"చెప్తె ఇంటరా?"

"నేను మాట్లాడతాను కదా."

తర్వాత ఒక్క మాట అడిగాడు. "ఊళ్ళె తెల్వదు గదా?"

తెలియదని మాటిచ్చాను. ఆయన భయం నాకు తెలుసు. అంతకు రెండేళ్ళ ముందు ఊరి బడికి నాలుగు ఫ్యాన్లు కొనిచ్చాడు. రెక్కల మీద ఆయన పేరు ఎర్రరంగుతో రాయించారు. ఆ ఫోటో ఫోన్‌లో దాచుకుని, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చూపించేవాడు. ఊరివాళ్ళకు గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే, వాళ్ళ దృష్టిలో ఆయన దుబాయ్‌లో గెలిచిన మనిషి.

అప్పట్లో శుక్రవారం వస్తే విల్లాలో వాళ్ళు నా దగ్గరికి కాగితాలు పట్టుకుని వచ్చేవారు. సెలవు అర్జీ, బ్యాంకుకు ఉత్తరం, కంపెనీకి ఫిర్యాదు, ఏదైనా నేనే రాసేవాణ్ణి. చిన్నప్పటి నుంచి దొరికిందల్లా చదివినవాణ్ణి, మంచి వాక్యం మీద మోజు ఉండేది. అన్న అర్జీ నాలుగు ముక్కల్లో సరిపోయేది. జబ్బు, జీతం రాకపోవడం, బిల్లు, డాక్టరు చీటీ. నేను రెండు పేజీలు రాశాను. ఇన్నాళ్ళూ ఒకే గదిలో ఆయన నాకు చెప్పుకున్నవన్నీ పెట్టాను. దగ్గు బయటికి వినపడకుండా దుప్పటి నోట్లో కుక్కుకోవడం, ఇంటికి ఫోన్ చేసే ముందు ఆయాసం తగ్గేదాకా ఆగడం. "ఊపిరి పీల్చుకోవడమే ఇప్పుడు ఈయనకు ఓవర్‌టైం" అని ఒక వాక్యం రాసి, దాన్ని రెండోసారి చదువుకుని సంతోషపడ్డాను. ఆయనకు చదివి వినిపించలేదు. సంతకం పెట్టమంటే పెట్టాడు.

సోమవారానికే బిల్లు కట్టేశారు. ఆ సంగతి దాచను, సాయం నిజంగానే వచ్చింది. శుక్రవారం మధ్యాహ్నం సంఘం వాళ్ళు నలుగురు వచ్చారు. చేతిలో బ్యానరు, ఒక శాలువా, పళ్ళ సంచీ. అధ్యక్షుడు నన్ను చూడగానే రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మీరేనా మాస్టారూ రాసింది? ఏం రాశారండీ బాబూ! ఆ ఓవర్‌టైం మాట దగ్గర మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది."

ఫోటో వద్దని ఆయనతో చెప్పాలనే నిలబడి ఉన్నాను.

"అలా ఏం లేదండీ," అన్నాను.

ఈలోగా బ్యానరు విప్పారు. అన్న నా వైపు చూశాడు. అప్పుడు అన్నాను, ఆయన ఫోటో లేకుండా కుదురుతుందా అని. గట్టిగా కాదు.

"దాతలకు చూపించాలి కదండీ. లేకపోతే వచ్చే ఏడాది రూపాయి రాలదు," అని అధ్యక్షుడు శాలువా కప్పాడు. గది ఇరుకు కావడంతో బ్యానరు ఒక చివర పట్టుకోవడానికి మనిషి చాలలేదు. ఆ చివర నేను పట్టుకున్నాను.

ఫోటో అయ్యాక ఆయన భుజాల మీది శాలువా తీసి, మడిచి తిరిగి సంచీలో పెట్టుకున్నారు. ఇంకో రెండు గదులకు వెళ్ళాలట.

వాళ్ళు దిగిపోయాక అన్న నవ్వాడు. "నా లగ్గంల గూడ శాలువ కప్పలే తమ్మీ. కప్పిండ్రు గదా అనుకునే లోపట్నే గుంజుకపోయిండ్రు." నేనూ నవ్వాను.

ఫోటోతోపాటు నా రెండు పేజీలూ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టారు. అంత బాగా రాసిన అర్జీ ఇంతవరకూ రాలేదని పైన ఒక మాట కూడా రాశారు. మూడో రోజుకు అది ఆయన ఊరి గ్రూపులోకి వెళ్ళింది. అన్న మంచం మీద కూర్చుని ఇంటికి ఫోన్ చేస్తుంటే వదిన గొంతు నా దాకా వినపడింది.

"మంది నన్ను నిలవెట్టి అడుగుతున్నరు. ఫ్యాన్లిచ్చినోడు దుబాయ్‌ల అడుక్కుంటున్నడా అంటున్నరు. ఏం చెప్పాలె?"

ఆయన ఫోన్ పెట్టేసి లేచి, హీటరు ప్లగ్ తీసి, తీగ చుట్టి మంచం కింద పెట్టాడు.

"చలి పోయింది తియ్యి," అన్నాడు.

పోలేదు. నేను హీటరు బయటికి తీసి వేసేవాణ్ణి. ఆయన లేచి ప్లగ్ తీసేసేవాడు. రెండుసార్లు గొడవపడ్డాం, గొడవంటే నేనొక్కణ్ణే మాట్లాడటం. సైటు జాకెట్టు వేసుకుని కూర్చునే నిద్రపోయేవాడు. ఇంటికి మళ్ళీ ఫోన్ చేయలేదు, నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే జవాబు చెప్పుకునేవాణ్ణి.

ఫిబ్రవరి రెండో వారంలో సైటులో కూలబడ్డాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి అయిపోయింది. కాగితంలో గుండె అని రాశారు. చలి అని ఎవరూ రాయలేదు, రాయమని నేనూ అడగలేకపోయాను. హీటరు వేసినా బతికేవాడు కాదేమో. ఆ మాట నాకు ఏ సాయమూ చేయలేదు.

శవాన్ని పంపే ఖర్చు కంపెనీ పెట్టుకుంది. కుటుంబానికి చందా వేద్దామని సంఘం అధ్యక్షుడు ఫోన్ చేశాడు. "మీ స్టైల్లో రెండు పేరాలు పడేయండి మాస్టారూ." నేను నాలుగు లైన్లు పంపాను. పేరు, ఊరు, పనిచేసిన ఏళ్ళు, వదిన బ్యాంకు ఖాతా. వారం తర్వాత మళ్ళీ ఫోన్ చేశాడు. "పెద్దగా రాలేదండీ. రాసినదాంట్లో ఫీల్ లేదంటున్నారు." ఆ డబ్బు నష్టం కూడా వదినదే. మాటలు ఎక్కడ కావాలో అక్కడ దాచుకున్నాను.

దినాలయ్యాక ఆమెకు ఫోన్ చేశాను. నేనెవరో చెప్పాను.

"ఆ కాగితం రాసింది నువ్వేనా?" అంది.

"నేనే వదినా."

"ఆయనకు దమ్మున్నదని నాకెన్నడు చెప్పలే. ఎట్లున్నవంటె మంచిగున్న అంటుండె. నీ కాగితంల సదివిన, మందితోటి పాటు." కాసేపు ఆగింది. "అడుక్కుంటున్నవా అని అడిగిన గదా, గదే ఆఖరు మాట. గంత పానం బాగలేదని నాకు ఎరుకుంటె గట్ల అంటనా?"

చదివాక కూడా ఆమె నమ్మలేదట. డబ్బు కోసం ఎక్కువ చేసి రాసి ఉంటారనుకుందట. అంత బాగా రాసి ఉండటం వల్లే.

తర్వాత నేను అల్ వక్రాలో వేరే గదికి మారాను. జీతం పడిన వారం ఆమెకు ఫోన్ చేసేవాణ్ణి. మొదట్లో ఒకటి రెండు మాటలు మాట్లాడేది. తర్వాత ఆమె మరిది ఎత్తి, బయటికి పోయింది అనేవాడు. తర్వాత మోగి మోగి ఆగిపోయేది. ఇప్పుడు చేయడం లేదు.