కురవని ఇల్లు

సైదమ్మ రోజూ సర్కారు కట్టించిన డబుల్ బెడ్‌రూం కాలనీ మీదుగానే కూలికి వెళ్లేది, అది చుట్టుదారి అయినా. మూలమీది ఇంటి ముందు ఆగి, కొంగు నడుముకు బిగిస్తూ, గోడలో ఎక్కడైనా పగులు కనిపిస్తుందేమోనని వెతికేది. ఆ ఇళ్లు కట్టేటప్పుడు సిమెంటు గట్టిపడి పగుళ్లు రాకుండా గోడలకూ శ్లాబులకూ నీళ్లు పట్టింది ఆమే. మూలమీదిది తనకే వస్తుందని మనసులో రాసిపెట్టుకుని, దాన్ని మాత్రం మిగతా వాటికన్నా ఎక్కువగా తడిపేది. ఇళ్లు పంచడానికి మున్సిపాలిటీ వాళ్లు డ్రా తీస్తే అది తోటి కూలి గ్లోరీకి వచ్చింది. సైదమ్మ కిరాయి గదిలోనే మిగిలింది. గ్లోరీ గుమ్మంలో పెట్టుకున్న బంతిపూల కుండీని చూసినా ఆమెకు కడుపు రగిలేది.

"సర్కారు ఇల్లు గదా! ఒక్క గట్టి వాన పడనియ్యి, ఎట్ల కురుస్తదో సూడు," అని కనబడ్డవాళ్లందరికీ చెప్పేది.

ఆ ఏడు మొదటి పెద్దవానకు, తన గదిలో కారేచోటల్లా గిన్నెలు పెట్టి, తడుస్తూనే గ్లోరీ ఇంటికి పోయింది. లోపలికి అడుగుపెట్టి, తలెత్తి, కప్పు నాలుగు మూలలూ చూసింది.

గ్లోరీ తువ్వాల అందిస్తూ నవ్వింది. "ఏం సూస్తున్నవక్కా? సుక్క గూడ కురుస్తలేదు."

"ఎట్ల కురుస్తదే," అంది సైదమ్మ, తువ్వాల అందుకోకుండానే. "నీళ్లు పట్టింది నేను గాదా?"