పలుచటి మేత

పొద్దున్నే లాబ్ తలుపు తీయగానే, అందరూ అక్క అని పిలిచే అటెండరు ముందుగా కళ్లద్దాలు తుడుచుకునేది. తరువాత గాజుపళ్లేలను ఒక్కొక్కటిగా కిటికీ వైపు ఏటవాలుగా పట్టి, ఊపిరి బిగబట్టి చూసేది. నలభై రోజులు దాటితే గాని వాటిలో ఏమీ కనిపించదు. కనిపించినా సూదిమొనంత చుక్క, అదీ కళ్లు చికిలిస్తేనే.

అవి అడవిమట్టిలోని బాక్టీరియా. తిండి దొరకని చోట పుట్టి, ఆ లేమికే అలవాటుపడ్డవి. మామూలు మేతను వందో వంతుకు పలుచన చేసి పెట్టాలి. గడ్డకట్టించి దాస్తే బతకవు. లాబ్ నడిపే మేడమ్ మట్టి తెచ్చిన కొండవాలును మరుసటి ఏడే తవ్వి రోడ్డు వేశారు. ఇక అవి మిగిలింది ఈ పన్నెండు పళ్లేల్లోనే. పదహారేళ్లుగా వాటి బాగోగులన్నీ అక్కవే.

"ఏమక్కా, నీ ఉపవాసం పిల్లలు ఎలా ఉన్నారు?" అని స్టోర్‌కీపరు వేళాకోళమాడేవాడు.

"నీలా తిని పడుకోరులే," అనేది అక్క.

అమ్మకు పక్షవాతం వచ్చిందని చెల్లెలు ఫోన్ చేసిన రోజు మేడమ్ ఊళ్లో లేదు. సరిగ్గా అప్పుడే వాటిని కొత్త పళ్లేల్లోకి మార్చాలి. మేత పాళ్లు అక్కకు కంఠతా వచ్చు. అయినా తను ఎన్నాళ్లకు తిరిగొస్తుందో తెలియదు, ఆకలిగొన్నవాటిని అలా వదిలిపోవడానికి ఆమెకు మనసొప్పలేదు. పదింతలు చిక్కగా కలిపి పోసింది. పాత పళ్లేలను ఎప్పటిలాగే ఆవిరియంత్రంలో పెట్టి, ఉడికించి, కడిగేసింది.

నెల తరువాత అమ్మను సాగనంపి వచ్చింది. నలభై రోజులు నిండాయి. అరవై, తొంభై కూడా గడిచాయి. పళ్లేల్లో చుక్క లేదు. ఈసారి ఆలస్యమవుతోందేమోనని మేడమ్ ఇంకా ఎదురుచూస్తోంది. అది చూసి అక్క ఉండబట్టలేకపోయింది.

"మేత ఎక్కువ వేశాను మేడమ్. నేను లేనప్పుడు ఆకలికి చచ్చిపోతాయేమోనని."

మేడమ్ చేతిలోని పళ్లేన్ని బల్ల మీద పెట్టింది.

"అమ్మ చివర్లో ఏమైనా తిన్నారా అక్కా?"

"లేదండీ. గొంతు దిగలేదు."

ఆ రోజు మేడమ్ నాలుగు తిట్టి ఉంటే బాగుండేదని అక్కకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇప్పుడామె కింది అంతస్తులో, విద్యార్థుల లాబ్‌లో గాజు సామాను కడుగుతోంది. తనే అడిగి మార్పించుకుంది. ఉద్యోగం ఇంకా రెండేళ్లుంది.